రుచి చూడని వంట

మా అత్తగారింట్లో వంట చేస్తూ రుచి చూడడమనేది లేదు. పండగ రోజున ఈ నియమం చాలా ఇళ్లలో ఉంటుంది. దేవుడికి పెట్టబోయేదాన్ని ముందు మనం నోట్లో వేసుకుంటే అది ఎంగిలి. మా ఇంట్లో తేడా ఏమిటంటే, ప్రతిరోజూ పండగ లెక్కే. పప్పయినా, వంకాయ కూరయినా, ఉత్త చారూ అన్నమయినా, ముందు సింహాద్రి అప్పన్న పటం దగ్గర పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, దణ్ణం పెట్టాకే మనుషుల నోటికి అందేది. చేపలు తినే ఇల్లే మాది. చేపలు తెచ్చిన రోజున అన్నం, పప్పు ముందుగా దేవుడికి చూపెట్టేసి, ఆ తరవాత పెరట్లో చిన్న స్టవ్వు మీద పులుసు నేను వండేదాన్ని. దేవుడికి సంబంధం లేని వంట కాబట్టి దాన్ని ఎన్నిసార్లయినా నాలిక మీద వేసుకుని చూడొచ్చు. నాకు చెయ్యి తిరిగిన వంట అదొక్కటే.

అత్తకి రుచి చూడాల్సిన అవసరం ఉండేది కాదు. పోపు వాసనను బట్టి కారం తెలిసేది. ఉడికే చప్పుడును బట్టి పప్పు ఎంతవరకు వచ్చిందో తెలిసేది. ఉప్పు ఎప్పుడూ చేత్తోనే, చెంచా ముట్టేది కాదు. మామగారు ఈ హిందీ ఊరికొచ్చి ఉద్యోగం చేసిన రోజుల్లో, ఊళ్లోనే బర్మామైన్స్‌లో ఒక ఇరుకు సందులో ఉండేవారు. అక్కడ బొగ్గుల కుంపటి మీద మొదలైన పద్ధతి, ఆయన పోయాక మేం మారిన సిద్ధగోరా పేటలో మా గ్యాసు పొయ్యి మీదా అలాగే నడిచింది. తెల్లారకముందే తలస్నానం, ఉతికిన చీర, పొయ్యి ముందు మౌనం. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో దుమ్ము సంగతి తెలిసిందే కాబట్టి మధ్యమధ్యలో లేచి కిటికీ మూసి రావడం కూడా ఆ పూజలో భాగమే.

పెళ్లయిన కొత్తలో నేను అడిగాను.

"రోజూ ఎందుకత్తా? శనివారం పెడితే సరిపోదా?"

"శనివారం ఒక్కరోజే ఆకలేత్తాదేటమ్మా ఆయనకి?" అంది, గిన్నె మీంచి చూపు తిప్పకుండానే.

అలాగని ఆవిడ శాంతమూర్తి అనుకుంటే పొరపాటే. కూరల బండివాడితో హిందీలో పోట్లాడితే వీధి మొత్తం ఒకసారి బయటికొచ్చి చూసేది. కుళ్లిన టమాటా ఒకటి సంచీలో కనబడితే వాడి వంశం మొత్తాన్ని పైకి తీసేది. ఆ గొడవంతా గేటు అవతలే. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వచ్చిందంటే ఎవరి గురించీ చెడ్డమాట వచ్చేది కాదు, మమ్మల్నీ అననిచ్చేది కాదు. పొయ్యి దగ్గర అన్న మాట అన్నంలోకి దిగుతుందని ఆవిడ నమ్మకం. నాకు ఆ భక్తి మీద మరీ గురి ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు. అత్తారింటి కరెంటు మీటరు ఎక్కడుందో తెలుసుకున్నట్టే ఆ నియమాలూ తెలుసుకున్నాను.

ఈ నియమానికి రెండో సగం ఒకటుంది. దేవుడికి చూపెట్టాక అది వంట కాదు, ప్రసాదం. ప్రసాదానికి వంక పెట్టకూడదు. అందులో ఇంకేమీ కలపకూడదు, నీళ్లయినా సరే. మా పుట్టింట్లో కంచం ముందు కూర్చుంటే సగం కబుర్లు వంట మీదే నడిచేవి. కారం ఎక్కువైందని నాన్న, తినడం చేతకాదని అమ్మ. అత్తారింట్లో అందరూ తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. మా ఆయన ఊరవతల గమ్హరియాలో ఒక చిన్న కంపెనీలో ప్రెస్ మిషను మీద పనిచేస్తారు. ఆయన బాక్సు కూడా అత్తే కట్టేది. అక్కడ ఆయన ఆ బాక్సును నేలమీద పెట్టరనీ, తింటూ మాట్లాడరనీ, తోటివాళ్లు "పండిత్‌జీ" అని ఏడిపిస్తారనీ ఒకసారి ఆయనే చెప్పారు. ఆ పిలుపు ఆయనకి కొంచెం ఇష్టమే అనుకుంటాను.

కిందటి చలికాలంలో ఒకరోజు పప్పులో ఉప్పు లేదు. ఎవరూ మాట్లాడలేదు, ఎప్పుడూ మాట్లాడం కాబట్టి. తరవాత కొన్నాళ్లకి కూర నోట్లో పెట్టలేనంత ఉప్పగా ఉంది. అలా అప్పుడప్పుడూ మొదలై, చలి తగ్గేసరికి దాదాపు రోజూ అదే వరస అయింది. పొద్దున్న పనేదో ఉన్నట్టు వంటింట్లో నించుని చూశాను. అత్త పప్పులో ఉప్పు వేసింది, మంట తగ్గించింది, కిటికీ మూయడానికి వెళ్లింది. తిరిగొచ్చి గిన్నెలోకి ఒకసారి చూసి మళ్లీ ఉప్పు వేసింది. చేతి లెక్క ఎక్కడికీ పోలేదు. వేశానన్న సంగతి మాత్రం పోయింది.

ఇలాంటిది ఇంకో ఇంట్లో అయితే ఆ పూటే తేలిపోయేది. వండేవాళ్లు చవి చూసుకుంటారు, లేకపోతే తినేవాళ్లు అంటారు. మా ఇంట్లో వండే మనిషి రుచి చూడదు, తినేవాళ్లు నోరు విప్పరు. అత్తేమో ఆ వయసులో రాత్రి గోధుమ రొట్టె పాలల్లో ముంచుకుని తినేది, పగలు మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది. అంచేత ఆవిడకి తెలిసే దారే లేదు. కాలేజీకి వెళ్లే మా అమ్మాయి పప్పు మీద పెరుగు గుమ్మరించుకుని తినేసేది. ప్రసాదంలో కలపకూడదుగా అన్నట్టు నేను మొహం చూస్తే "చలేగా మమ్మీ" అని, ఫర్లేదన్నట్టు హిందీలో గొణిగేది. అది బయట సమోసాలు తినొచ్చేదని నాకు తెలుసు. మా ఆయనకి ఆ దారీ లేదు. మధ్యాహ్నం బాక్సు, రాత్రి కంచం, రెండూ ఆవిడ చేతి మీదే.

అదే సమయంలో కంపెనీలో ఏటా చేసే పరీక్షల్లో మా ఆయనకి బీపీ ఎక్కువుందని తేలింది. మాత్రలు రాసిచ్చి, తిండిలో ఉప్పు సగానికి సగం తగ్గించమన్నారు. ఆ సంగతి ఆయన అత్తకి తెలియనివ్వలేదు. ప్రెస్ మిషను మీద పని అంటే పైనుంచి దిగే బరువు కింద చెయ్యి పెట్టి తియ్యడం. అక్కడ ఒక్క క్షణం కళ్లు తిరిగితే ఏమవుతుందో గమ్హరియాలో పనిచేసే వాళ్ల ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నాకు భయం పట్టుకుంది.

"అత్తకి నేను సెప్పీత్తాను," అన్నాను మా ఆయనతో.

"సెప్పకు."

"ఉప్పు రెండుమాట్లు ఏత్తన్నాదండి. నా కళ్లతో సూసేను."

"తెలుసు."

"తెలిసీ తింతన్నారా?"

"ప్రసాదం కదే. బాగోలేదని ఎలాగంటాను?" అన్నారు. చెప్పులు వేసుకుంటూ ఆగి, "అయినా ఆ పొయ్యి కాణ్నించి లేపీసేమంటే అమ్మ ఇంకేటి సేత్తాది? మంచం ఎక్కీద్ది," అన్నారు.

ఆయన అన్నది నిజమే. ఆవిడ రోజంతా ఆ పొద్దుటి వంట చుట్టూ తిరిగేది. రాత్రి పప్పు ఏరుకోవడం, మధ్యాహ్నం గిన్నెలు తోముకోవడం, సాయంత్రం రేపటి కూర ఏమిటని ఆలోచన. అది తీసేస్తే ఆవిడకి మిగిలేది టీవీ, మోకాళ్ల నొప్పి. కానీ నాకు ఆవిడ దిగులు కంటే మా ఆయన చేతులు ముఖ్యం. ఆ మాట అనడానికి నాకు సిగ్గేమీ లేదు.

చెప్పకుండా చెయ్యగలిగినవన్నీ చేశాను. డబ్బాలో ఉప్పు అడుగున కొంచెమే ఉంచితే, "ఉప్పయిపోనాది, తెప్పించమ్మా" అని కేకేసింది. పక్కన నించుని, చెయ్యి డబ్బా మీదికి వెళ్లగానే "ఏసీసేవత్తా" అన్నాను. కొన్నాళ్లు అది పనిచేసింది. తరవాత ఒకరోజు ఆవిడ వెనక్కి తిరిగి, "ఏటమ్మా, నామీద కాపలా ఎట్టేరేటి?" అంది. మొహం చిన్నబోయింది. పొయ్యి ముందు ఎవర్నీ ఒక మాట అనని మనిషి అంది. నేను బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్లిపోయాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అన్నం తిని మళ్లీ మిషను మీదికి వెళ్లిన కాసేపటికి మా ఆయనకి కళ్లు తిరిగాయి. ముందుకు తూలారు. పక్క మిషను మీదున్న అతను చొక్కా పట్టుకుని వెనక్కి గుంజేశాడు. చెయ్యి దక్కింది. నేనూ మా అమ్మాయీ ఆస్పత్రికి పరిగెత్తాం. వద్దన్నా అత్త కూడా ఆటో ఎక్కింది.

డాక్టరు మాత్రలు మార్చి, ఇంట్లో పెద్దావిడ కదాని అత్త వైపు తిరిగాడు. "మాజీ, ఇన్‌కే ఖానే మే నమక్ బహుత్ కమ్ కర్నా హై. ఆప్‌కే ఘర్ మే జ్యాదా ఖాతే హై క్యా?" అన్నాడు. తిండిలో ఉప్పు బాగా తగ్గించాలట, మీ ఇంట్లో ఎక్కువ తింటారా అని. ఈ ఊళ్లో ఇన్నేళ్లు బతికిన మనిషికి ఆ హిందీ అర్థం కాకపోవడమనేది లేదు. అత్త మా ముగ్గురి వైపూ చూసింది. ముగ్గురం మూడు గోడల వైపు చూశాం.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని అడిగింది.

"కూరలో ఉప్పెక్కువవుతన్నాదా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మాత్రల అట్ట తిరగేస్తున్నారు. చివరికి మా అమ్మాయే, "హా మామ్మా. బహుత్ దినోం సే... చాలా రోజుల్నించీ," అంది.

"మరందరూ తినీసేరా?" అంది అత్త. "ఒక్కరూ అన్లేదా?"

"ప్రసాదం కదమ్మా," అన్నారు మా ఆయన.

నాకు ఏడుపొచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం వంట నన్నే చెయ్యమంది, దేవుడికి కూడా నన్నే చూపెట్టమంది. గోడవైపు తిరిగి పడుకుంది. మా ఆయన అన్నట్టే అయిందని ఇద్దరం అనుకున్నాం, పైకి మాత్రం అనుకోలేదు.

పొద్దున్న లేచేసరికి వంటింట్లో చప్పుడు. అత్త తలస్నానం చేసి పొయ్యి ముందు ఉంది. పప్పు ఉడుకుతోంది. నన్ను చూసి గరిటెతో కొంచెం పప్పు తీసి, ఊది, "సెయ్యి పట్టు," అంది.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి చాపలేదు.

"ఎంగిలయిపోద్దత్తా. దేవుడికి పెట్టాల కదా."

"అవనీ. పట్టు."

అరచేతిలో పోసింది. నాకాను. ఉప్పు ఎక్కువే ఉంది. ఆవిడ నా మొహమే చూస్తోంది. బాగుందని అనేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎక్కువయింది," అన్నాను.

"బాగానా?"

"బాగానే."

ఇంకొంచెం పప్పు మెదిపి, వేణ్ణీళ్లు పోసి, కలిపి, మళ్లీ నా చేతిలో వేసింది. ఈసారి సరిపోయిందని చెప్పాను. తల ఊపి, స్టవ్వు ఆర్పి, గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని దేవుడి దగ్గరికి వెళ్లింది. చుట్టూ నీళ్లు తిప్పింది. నాకు తెలిసి ఆవిడ దణ్ణం ఎప్పుడూ పెదవుల మీదే ఉండేది, బయటికి వినబడేది కాదు. ఆ రోజు మాత్రం గదిలో పడుకున్న మా ఆయనకి కూడా వినబడింది.

"ముందు నా కోడలు తిన్నాది, తరవాతే నీకు తెచ్చేను. రేపూ అంతే. ఇన్నాళ్లూ నువ్వూ తినీసి ఊరుకున్నావు, ఈళ్లలాగే. కోపమొత్తే నామీద ఉంచుకో, నా కొడుకు జోలికెళ్లకు."