ఉస్తాద్ కుడి చెంప

రేషన్ షాపులో నా వేలిముద్ర పడదు. డీలరు విసుక్కుంటాడు, వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతారు, చివరికి మిషన్‌కు కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాను. గోడలకు మెత్తే డంగు సున్నం చేతిగీతల్ని తినేసింది. వేడి చాయ్ గ్లాసు పట్టుకున్నా నా వేళ్లకు తెలియదు.

అందుకే సున్నం పనిలో గోడను వేళ్లతో చూడరు, చెంపతో చూస్తారు. గోడను రాయితో నున్నగా రుద్దిన మర్నాడు పొద్దున్నే, నాకు పని నేర్పిన ఉస్తాద్ వచ్చి కుడి చెంప ఆనించేవాడు. కుడి చెంపే ఎందుకంటే ఆయన ఉస్తాద్ కూడా అదే ఆనించేవాడట, అంతకు మించి కారణం లేదు. ఎక్కడ ఆనించినా ఒకే చల్లదనం తగిలితే "సల్లగుంది" అనాలి. ఆ మాట పడ్డాక ఆ గోడకు సున్నం పెట్టిన మనిషి మేస్త్రి. పడేదాకా కూలీ.

నేను కూలీగానే చేరాను, తట్ట మోయడానికి. సిద్దిపేటలో నాకు తెలిసి ఆ పాత పని వచ్చినవాడు ఆయన ఒక్కడే. కొడుకు టైల్స్ పనిలోకి పోయాడు. నేర్చుకుంటామని వచ్చిన మగవాళ్లు చేతులు మండుతున్నాయని పరారయ్యారు. ఒకరోజు ఉస్తాద్ తాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్రేమతో కాదు, ఇంకెవరూ లేక. "ఆడమేస్త్రి వస్తున్నది, జరుగున్రి" అని తోటికూలీలు నవ్వితే నేనూ నవ్వేదాన్ని, లోపల మండినా. ఆయన నవ్వేవాడు కాదు. నేను మెత్తిన గోడకు చెంప ఆనించి, ఏమీ అనకుండా గీకి పారేసేవాడు. ఏళ్ల తరబడి అదే వరస. తిట్టినా బాగుండేది.

ఎర్రవల్లి దారిలో ఒక ఫాంహౌస్‌కు హాలు చేస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. చివరి గోడ నేనొక్కదాన్నే పెట్టాను. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఆయన పోసినట్టే పోశాను, ఆయన రాయితోనే రుద్దాను. మర్నాడు నా చెంప ఆనించి చూసుకున్నాను. చల్లగానే ఉంది. కానీ నా చెంప ఎవడికి లెక్క? ఆయన రావాలి.

కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ఇద్దరం చెరోపక్కా పట్టుకుని గోడ దగ్గరికి నడిపించాం. ఆయన ఒరిగి కుడి చెంప ఆనించాడు.

"అబ్బా, గా చెంప గాదు, ఇటు తిప్పు," అన్నాడు కొడుకు.

ఆయన ఎడమ చెయ్యి విసిరి ఊరుకోమన్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఉస్తాద్, గా చెంపకు తెలుస్తదా?"

"తెల్వది." మాట ముద్దగా వచ్చింది.

"మరెట్ల?"

"నువ్వు పెట్టి సూసినవా?"

"సూసిన."

"మరి నన్నేం అడుగుతవు బిడ్డా," అన్నాడు. కొడుకు వైపు తిరిగి, ఇంటికి తీసుకుపొమ్మని సైగ చేశాడు.

అంతకంటే పెద్ద మాట ఇంకేముంటుందని తర్వాత అందరూ అన్నారు. నిజమే కావచ్చు. ఆ రోజునుంచి నన్ను నవ్వకుండానే మేస్త్రి అని పిలిచారు. నాకు మాత్రం ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. పంపు దగ్గరికి పోయి తాపీ కడుక్కున్నాను. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. అప్పుడూ అంతే. వాళ్లింటి ఆడవాళ్ల మధ్య కాసేపు కూర్చుని, మధ్యాహ్నానికి లేచి పనికి పోయాను. నాకు కావలసింది "సల్లగుంది" అనే ఆ ఒక్క మాట. ఆయన ఎడమ చెంప బాగానే ఉండింది. తల తిప్పితే సరిపోయేది. తిప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర ఒకామె పని నేర్చుకుంటోంది, రోజూ నారాయణరావుపేట నుంచి బస్సులో వస్తుంది. మొన్న వర్గల్‌లో భక్తులు దిగే సత్రానికి ఒక గోడ మొత్తం ఆమే పెట్టింది. పొద్దున నేను పోయేసరికి కొంగు నడుముకు దోపుకుని గోడ పక్కనే నిలబడి ఉంది. పైన, కింద, మూలన చెంప ఆనించి చూశాను. నువ్వు పెట్టి సూసినవా అని ఆయన లాగే అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాను.

"సల్లగుంది," అన్నాను.

ఆమె అక్కడే కూలబడి, బయటివాళ్లకు వినబడేలా ఏడ్చింది. నేను తాపీ కడగడానికి పంపు దగ్గరికి పోయాను.