వంగని పెంక

మొన్న మధ్యాహ్నం నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. పంపింది జగిత్యాలలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో పక్క టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయి. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి మెసేజ్ ఎందుకంటే, నాకు మాట్లాడటం కంటే రాయడం తేలికని ఆఫీసులో అందరికీ తెలుసు. సెలవుల్లో పిల్లలతో ఎక్కడైనా గుడారం వేసుకొని రెండు రోజులు గడపాలని వాళ్ల ఆలోచన. అక్కడ వంటకూ, తర్వాత ఇంట్లో డాబా మీద రొట్టెలకూ పనికొచ్చే పెద్ద పెంక ఒకటి కొనాలట. పెనాన్ని మేం పెంక అంటాం. "ఏది మంచిదో రెండు మాటల్ల చెప్పు" అని రాసింది. టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. ఒకసారి పెంక గురించి రెండు మాటల్లో చెప్పి నేను పడిన తిప్పలు ఆమెకు తెలియవు. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాను.

మాది కోరుట్ల. మా మేనత్త, అంటే నాన్నకు అక్క, ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊళ్లో ఉంటుంది. ఆమెకు పసుపు చేను ఉంది. చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, చేన్లోనే ఆరబోస్తారు. ఆరేదాకా పందులు తొక్కకుండా, మబ్బు పట్టినప్పుడు కప్పడానికి ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. చాలా ఇళ్లలో అది కాపలా. మా ఇంట్లో అందరూ ఎదురుచూసే మకాం. నాన్న సెలవు పెట్టేవాడు. సిరిసిల్లకు ఇచ్చిన అత్త బిడ్డ, నాకు వదిన, సంచులతో దిగేది. పరదాలు కట్టి, వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసుకొని పడుకునేవాళ్లం. పొద్దున లేచేసరికి జుట్టులో గడ్డి, అరికాళ్లకు పసుపు. పట్నం వాళ్లు ఇట్లాంటిదాని కోసం కొండలదాకా వెళ్తున్నారని నాన్న చెప్తే అత్త నమ్మేది కాదు. "ఇంట్ల మంచం పెట్టుకొని నేల మీద పండుటానికి అంత దూరం వోతరారా?" అనేది.

ఆ మకాం అంతా అత్త పొయ్యి చుట్టూ తిరిగేది. మూడు రాళ్లు, పత్తి కట్టెలు, నల్లటి పాత పెంక. వాటి ముందు ఆమె గొంతుక్కూర్చుంటే అందరి తిండి అయ్యేదాకా లేచేది కాదు. జొన్నరొట్టెలు చేసేది. సాయంత్రం సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ ముక్కలు కలిపి పెంక మీద చేత్తో వత్తి, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకొక నూనె చుక్క వేసి మూత పెట్టేది. ఉడికిన పసుపు ఆవిరి ఒక పక్క, పల్లీలు వేగుతున్న వాసన ఒక పక్క. ఇప్పుడు ఎక్కడ పసుపు వాసన తగిలినా నాకు ముందు ఆకలి వేస్తుంది. మామ దుబాయిలో ఉన్న ఏళ్లన్నీ ఆ చేనునూ, ఆ పొయ్యినీ నడిపింది అత్తే. మామ తిరిగి వచ్చాక కూడా చేన్లో ఆయన మాట ఆమె మాట తర్వాతే.

కొన్నేళ్ల కిందట ఆమె మోకాళ్లు మొండికేశాయి. ఇక కింద కూర్చోవద్దని జగిత్యాల డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఆ ఏడాది పసుపు తవ్వకం మొదలయ్యే ముందు నాన్న, నేను ఆమెను చూడటానికి వెళ్లాం. నాన్న తనకు తోచిన ఉపాయం చెప్పాడు.

"ఈసారి హోటల్ల చెప్పుదమక్కా. డబ్బలల్ల అన్నీ అస్తయ్. నువ్వు కుర్సీల కూసో, రాణి లెక్క."

"రాణి లెక్క ఎందుకురా, బొమ్మ లెక్క అను" అంది అత్త. "నేను రాను. ఉత్తగ కూసునేటందుకు చేనుకు ఎందుకు? అది గూడ కౌలుకిచ్చేస్తే అయిపాయె."

కోపంలో అన్న మాటనుకున్నాం. కాదని మామ ఫోను చేసినప్పుడు తెలిసింది. పక్క చేను రైతును పిలిచి వచ్చే ఏటి నుంచి నువ్వే చేసుకుంటావా అని ఆమె నిజంగానే అడిగిందట. పసుపు ఆరేలోపు మాట ఖాయం చేసుకుందామని ఆయన అన్నాడట. నాన్న ఫోను పెట్టేసి, "అక్క ఒకటనుకుంటే ఇగ అంతే" అన్నాడు.  నేను ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం రాసుకున్నాను. అత్త చేతులకు ఏమీ కాలేదు, పొయ్యి ఎత్తు పెరిగితే చాలు.

అలా పెంకల వేట మొదలైంది. ఆమె నిలబడి చేసేలా ఉండాలి. కట్టెల మంట తట్టుకోవాలి. ఇంటి వాకిట్లోనూ, చేన్లోనూ పనికిరావాలి. జగిత్యాలలో ఆఫీసు అయ్యాక బస్సుకు ముందు దొరికే సమయంలో పాత్రల దుకాణాలన్నీ చూశాను. ఒకచోట నాన్‌స్టిక్ చూపించారు. కట్టెల పొయ్యి అనగానే దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నారు. ఇంకోచోట మడత కాళ్ల గ్యాస్ పెంక ఉంది, చూడటానికి ముచ్చటగా ఉంది. దాని మీద మా అత్త రొట్టె పడితే చుట్టూ అంచులు కిందికి వేలాడతాయి. ఎవరికోసమని దుకాణం పెద్దాయన అడిగాడు. "అత్తకు" అన్నాను.

"అత్తకా! ఓ సారూ, జర ఇటు సూడుండ్రి" అని ఆయన కొట్లో ఉన్నవాళ్లందరినీ పిలిచాడు. "అత్త కోసం పెంక దేవులాడుతున్నదట. గిసొంటి కోడలు ఈ రోజులల్ల ఎవలకు దొరుకుతది?"

నాకింకా పెళ్లి కాలేదని, ఆమె మేనత్త అని చెప్పాలి. చెప్పలేదు. తల ఊపి బయటపడ్డాను. ఆ దుకాణంలో నేను ఇప్పటికీ ఎవరి ఇంటి కోడలినో.

కోరుట్లలో నాన్న ఒక బీడు పెంక, అంటే పోత ఇనుముది, కొన్నాడు. బీడు వేడిని బాగా పట్టి ఉంచుతుందని, రొట్టె సమంగా కాలుతుందని చెప్పారు. అది నిజమే. కిందపడితే పగులుతుందన్నది మాత్రం మాకు బస్టాండు ముందు గతుకులో తెలిసింది. నాన్న బండి దిగి రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒకటి కొంటే రెండైనయ్" అన్నాడు. చేను దారిలో ట్రాక్టరు మీద కుదుపులు తలచుకుంటే, ఇంటికి రాకముందే పగలడం మంచిదైంది. ఇక మందం ఇనుప పలకతో చేయించుకోవడమే మార్గమని వదిన ఫోనులో చెప్పింది. వాళ్ల గల్లీ చివర వెల్డింగు షెడ్డు ఉందట.

ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. ఆ షెడ్డుకు రెండు పక్కలా సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడులో మామూలు మనుషులే అరిచి మాట్లాడాలి. వదిన నన్ను ముందుకు తోసి "చెప్పు" అంది. ఆయన పలకలు కోస్తూనే చెవి ఇటు పెట్టాడు. "పెద్ద పెంక అన్నా. కాళ్లుండాలె. వంగొద్దు" అన్నాను.

"వంగనే వంగది చెల్లె" అన్నాడాయన.

ఇంత సులువుగా పని అయిపోయినందుకు సంతోషపడుతూ తిరిగి వచ్చాను. మన భాషలో ఒక సుఖం ఉంది. వంగొద్దు అంటే చాలు, ఎవరు వంగొద్దో, ఏది వంగొద్దో చెప్పనక్కర్లేదు. వంగది అంటే ఆడమనిషైనా కావచ్చు, వస్తువైనా కావచ్చు. నాలాంటి వాళ్లకు అది ఎంత హాయో చెప్పలేను. ఆ హాయి ఎక్కడికి తీసుకుపోతుందో తర్వాతి ఆదివారం చూశాను. షెడ్డు ముందు బండి చక్రమంత పెంక, నేను ఎక్కడా చూడనంత మందంగా ఉంది. దాని కాళ్లు జానెడు. ఆయన దాని మీద నిలబడి ఉన్నాడు.

"ఎక్కు చెల్లె, నువ్వు గూడ ఎక్కు. దునికినా వంగది." అని రెండుసార్లు దుమికి చూపించాడు. సాంచాల కడ్డీలు, పట్టీలు బాగుచేసే మనిషి. వంగొద్దు అనేది ఆయన రోజూ వినే మాట. వినేది ఇనుము గురించే.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరదలా, గిది పెంకనా, పీటనా?"

మామూలుగా అయితే నేను దండం పెట్టి ఆ పీటను మోసుకొని ఇంటికి వచ్చేదాన్ని. ఆ రోజు పక్క చేను రైతు కళ్లముందు మెదిలాడు. "వంగొద్దన్నది పెంక కాదన్నా" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి పీల్చుకొని ఉన్న గొంతంతా ఎత్తాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"వంగొద్దన్నది మా అత్త!"

గల్లీ అంతా విన్నది. షెడ్లలోంచి తలలు బయటికి వచ్చాయి. వెల్డింగు అన్న పెంక దిగి, "మీ అత్త ఎందుకు వంగుతది? పెంక మీద ఆమె నిలవడ్తదా?" అని అడిగాడు.

ఇక సిగ్గుపడటానికి ఏమీ మిగల్లేదు. అంతమంది ముందు నేల మీద గొంతుక్కూర్చొని రొట్టె వత్తి చూపించాను. తర్వాత మోకాళ్లు పట్టుకొని లేచి, నిలబడి వత్తి చూపించాను. మోకాళ్లు, డాక్టరు, చేను, కౌలు, అన్నీ చెప్పాను. బయటివాళ్లతో నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"గట్ల పురాగ చెప్పాలె గదమ్మా!" అన్నాడాయన. "సగం మాట కడుపుల వెట్టుకొని సగం నాకిస్తివి."

ఎత్తు ఎంత అన్నది తర్వాతి ప్రశ్న. అత్తకు ఫోను చేశాను. "అత్తా, నువ్వు నిలవడితే మోచెయ్యి ఎంతెత్తుల ఉంటది?"

"ఎందుకే కోడలా, గిప్పటిసంది పాడెకు కొలుస్తున్నవా? నాకింకా టైమున్నది" అని పెట్టేసింది. వదినది అచ్చం తల్లి ఎత్తే. ఆమెను గోడకు నిలబెట్టి, పిండి వత్తుతున్నట్టు చేతులు పెట్టించి సుద్దముక్కతో గీత గీశాం. ఆ ఎత్తుకు కాళ్లు, అవి విప్పుకోవడానికి బోల్టులు, గాలికి మంట పక్కకు పోకుండా మూడు వైపులా రేకు. కరెంటు వచ్చాక సాయంత్రానికి పూర్తయింది. బస్సులోకి దాన్ని ఎక్కించడానికి ఇద్దరు పట్టారు. కండక్టరు చూసి "దీనికి ఫుల్ టికెట్టా, హాఫా?" అన్నాడు. "కూసోదు సార్, హాఫ్ ఇయ్యుండ్రి" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందా అని కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు పొద్దున పెంకను అత్త వాకిట్లో దించితే, ఆమె దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. "గిదేంది, ట్రాక్టరు డోరు పీక్కచ్చినవా?" అంది. అయినా ఆ మధ్యాహ్నమే ఉల్లిగడ్డ సగం కోసి నూనెలో ముంచి పెంకంతా రుద్దింది. కాల్చింది, తుడిచింది, మళ్లీ రుద్దింది. మర్నాడు రొట్టెలు వేసింది. పలక మందం కాబట్టి వేడెక్కడానికి విసుగు పుట్టేంత సేపు పట్టింది. వేడెక్కాక మాత్రం రొట్టెలు పూరీల్లా పొంగాయి. సర్వపిండి దగ్గర వచ్చింది తంటా. దాన్ని చల్లటి పెంక మీద వత్తాలి. మొదటిది బాగా వచ్చింది. రెండోదానికి పెంక చల్లారదే! నీళ్లు చల్లితే బుస్సుమంది గానీ చల్లారలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. అత్త కాసేపు పెంకను తిట్టి, లోపలికి వెళ్లి తడిబట్ట తెచ్చి, పిండిని దాని మీద వత్తి పెంక మీద బోర్లించింది. బట్ట లాగింది. అంటుకోలేదు. "మందమైతే ఏందే, మాట వింటది" అంది. చేనుకు వస్తానని మాత్రం అనలేదు. నేను అడగలేదు.

పసుపు ఉడకబెట్టే రోజు ఆటో ట్రాలీ వచ్చి వాకిట్లో ఆగింది. మేం ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే అత్త పెంక కాళ్ల బోల్టులు విప్పించి సంచిలో వేసుకుంది. పిండి డబ్బా ఎక్కించింది. తర్వాత మామ చెయ్యి పట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

"రానంటివి గదక్కా?" అన్నాడు నాన్న.

"నేనేడ వోతున్న? పెంక వోతున్నది. దాని ఎంబడి వోతున్న."

చేన్లో పెంక నిలిపి మంట పెట్టాక ఆమె మొదటి రొట్టె వేసి తల ఎత్తింది. అన్నేళ్లూ ఆమె పొయ్యికి మొహం పెట్టి, అందరికీ వీపు పెట్టి వంట చేసింది. ఇప్పుడు రేకు మీదుగా చేనంతా కనిపిస్తోంది. "ఓ తమ్మీ, గా మూలకు పసుపు కుప్పగ పోసినవేందిరా, పలుచగ చెయ్యి!" అని నాన్నను అరిచింది. వదినను పసుపు ఉడికే బాయిలర్ దగ్గరికి తరిమింది. మామకు పరదా ముడి సరిగా లేదని చెప్పింది. మాలో ఒక్కరికీ కూర్చునే వీలు లేకపోయింది. మధ్యాహ్నం పక్క చేను రైతు గట్టు మీదుగా వచ్చి నిలబడ్డాడు. అత్త ఆయనకు రొట్టె మీద పచ్చడి వేసి ఇచ్చింది. ఆయన సగం తిన్నాక, "మరి వచ్చే ఏటి సంగతి ఏం జేద్దామక్కా?" అన్నాడు.

 ఆమె పెంక మీది రొట్టె తిప్పింది. ఆరబోసిన పసుపు చివరిదాకా చూసింది.

"వచ్చే ఏడు గూడ గిప్పుడే రా. రొట్టె పెడ్త" అంది.

ఆ తర్వాత మరికొన్ని పసుపు పంటలు వచ్చి పోయాయి. అత్త ఇప్పుడు పది రొట్టెలు కాగానే అట్లకాడ వదినకో నాకో ఇచ్చి, పక్కన కుర్చీలో కూర్చుంటుంది. ఆమె నిలబడే సేపు ఏటేటా కొంచెం తగ్గుతోంది. చేనువైపు చూసే సేపు మాత్రం పెరుగుతోంది.