పచ్చిక కోరింది నేనే

మా ముత్తాత రైలు మార్గానికి కంకర పోయించిన కాంట్రాక్టరు. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన తెచ్చిన మనుషులతోనే ఖరగ్‌పూర్‌లో సగం వీధులు నిండాయని మా ఇంట్లో చెప్పుకునేవారు. తాత వర్క్‌షాపులో హెడ్ క్లర్కు. ఆయన సంతకం పడ్డ కాగితాన్ని పై అధికారి మళ్లీ చదివేవాడు కాదట. మా ఇంటి ముందు దొరల బంగళాలకు తీసిపోని పచ్చిక ఉండేది. ఇల్లు నాన్న కాలంలోనే పోయింది. ఆ పచ్చికను చదును చేసిన ఇనుప రోలరు ఒక్కటే నా దాకా వచ్చింది.

ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసు ఆవరణకు నేను సూపర్‌వైజర్ని. ఆ భవనం నీరూ కరెంటూ పొదుపుగా వాడుతుందని ఇచ్చే గ్రీన్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టినప్పుడు, తోటకు కప్పు మీద పడిన వాననీరే వాడతామని రాసిచ్చాం. తోట నమూనా గీసిన అమ్మాయి, తక్కువ నీటితో బతికే ఇక్కడి పొదలు చాలంది. నేను ఒప్పుకోలేదు. ముందు పచ్చిక లేనిది భవనమా అన్నాను. ఇప్పుడుంటున్న ఇంటి నుంచి ఆ రోలరు కూడా తెప్పించాను.

వానాకాలంలో కప్పు నీటితో నిండిన ట్యాంకు చైత్రానికి అడుగంటసాగింది. రోజూ పొద్దున్నే మూత తీసి కొలకర్ర దించేవాణ్ని. తడి గుర్తు నిన్నటికంటే కిందికే ఉండేది. సర్టిఫికెట్ వాళ్ల తనిఖీ వారంలోనే అన్నారు. పచ్చిక అంచులు ఎర్రబారాయి. సాయంత్రాలు పడమట మబ్బు పట్టేది. గాలి దుమ్ము రేపి, చినుకు రాల్చకుండానే పోయేది. నాకు అన్నం సహించేది కాదు.

తోటపని చేసే పెద్దావిడది కూడా ఖరగ్‌పూర్‌లో మా పేట ఓల్డ్ సెటిల్‌మెంటే.

"ఆ కర్రతో కెలికితే నీరు ఊరతాదేటి బాబూ?" అంది.

"నీ పని చూసుకో."

"సూస్తన్నాను గానీ, గడ్డికి మీ తాతగారి గొప్ప తెల్దు. దానికి నీరే తెలుస్తాది."

తనిఖీకి ముందు రోజు ట్యాంకు పూర్తిగా ఎండింది. అన్నయ్యా అన్నట్టు నన్ను దాదా అని పిలిచే మేనేజరు వచ్చాడు. "దాదా, బోరు వాల్వు ఒక్క గంట తిప్పండి. మీటరుకు ముందే నీళ్లు తీసుకుంటే అంకె కదలదు. రిజిస్టర్లో వాననీరని రాసి సంతకం పెట్టండి. సర్టిఫికెట్ పోతే మీ ఉద్యోగానికి నేను పూచీ కాదు. ఠీక్ హై?"

వాల్వు మీద చెయ్యి వేశాను. ఎండకు కాలిపోతోంది. పెద్దావిడ పైపు పట్టుకుని నిలబడింది.

"తిప్పతారా నేదా? సెప్పండి బాబూ."

తాత సంతకం గుర్తొచ్చింది. నిజానికి అంతకంటే, ఈ అబద్ధాన్ని ఆవిడ చూస్తుందన్న సిగ్గే ఎక్కువగా పట్టుకుంది. చెయ్యి తీసేశాను.

"వద్దమ్మా. పైపు చుట్టెయ్యి."

ట్యాంకు ఎండిందనీ, పచ్చిక కోరింది నేనేననీ, అది తీయించి పొదలు నాటించాలనీ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను. మర్నాడు తనిఖీకి వచ్చినాయన దాన్ని రెండుసార్లు చదివాడు. పొదలు నాటాక మళ్లీ వస్తానన్నాడు. నా ఉద్యోగం సంగతీ అప్పుడే చూస్తానన్నాడు మేనేజరు.

పచ్చిక తీసేశారు. రోలరును ఆ నెలలోనే పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాను.