బొంత కింద రెండు వేళ్లు

మా నాన్న ఆదోని యార్డులో పత్తి వ్యాపారి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కొత్తిమీర కట్ట కూడా బేరమాడకుండా కొంటే నాకు ఆ పూట అన్నం అరగదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని వస్తున్న బస్సులో నా పక్కన ఒకామె ఒడినిండా బొంతలు పెట్టుకుని కూర్చుంది. వాళ్ల ఊరి ఆడవాళ్లు పాత చీరలతో కుట్టినవట. వాటిని కొనడానికి పట్నం నుంచి వచ్చినాయన ఆదోని స్టేషన్లో ఉన్నాడట.

"ఈ బేరం చెడిపోతే మిరపకాయలు తెంపేకి అందరం గుంటూరు పోవల్లక్కా. పిల్లోళ్ల బడి గూడా పాయె."

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. గొంతు నాకూ వినబడుతోంది. "రేటు తగ్గించమ్మా. లేకుంటే వచ్చే రైలెక్కి వెళ్లిపోతా."

నాకు ప్రాణం ఆగలేదు. రేటు కొంచెం తగ్గించమన్నట్టు బొంత కింద ఆమె అరచేతిలో రెండు వేళ్లు నొక్కాను. ఆమె వాటిని మడిచి పిడికిట్లో బిగించింది.

"అందరం కూసోని ఏసిన రేటు సార్. నేనొక్కదాన్నే ఎట్ల తగ్గిస్తా?"

ఫోన్ కట్టయింది.

"సేతికొచ్చిన బేరం పోగొట్టుకుంటివి గదమ్మా!" అన్నాను. నా వేళ్లను వదలని ఆమె పిడికిలి చెమటతో తడిసిపోయింది.

బస్సు ఆదోనిలోకి వచ్చాక మళ్లీ ఫోన్ మోగింది. "సరేమ్మా, ఆ రేటుకే తీసుకుంటా. తొందరగా రా."

అప్పుడు వదిలింది నా వేళ్లను.

దిగగానే, "పరిగెత్తమ్మా, రైలొచ్చేస్తుంది!" అన్నాను.

"రొప్పుకుంటా పోతే మళ్ల తగ్గించమంటాడక్కా," అని బొంతల మూట నెత్తికెత్తుకుని, స్టేషన్ వైపు నిదానంగా నడిచిపోయింది. ఆమె స్థానంలో నేనైతే పరిగెత్తేదాన్నే.