ఆవగింజంత భూమి, కిలోమీటరు దూరాన ప్లూటో

గ్రహాలు ఇంకా తొమ్మిదిగా ఉన్న కాలమది. ఫరీదాబాద్‌కి మెట్రో రాలేదు. మా సెక్టారు నుంచి రైలుపట్టాల దాకా రోడ్డు సూటిగా, ఏ అడ్డమూ లేకుండా కనపడేది. నేనేమో అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రదాన్ని. (పుట్టిన తేదీ నుంచి లెక్కవేస్తే నలభై ఆరేళ్లు, మొదటి జీతం నుంచి లెక్కవేస్తే ఏడు నెలలు. వయసును రెండో పద్ధతిలోనే కొలవాలని నా అభిప్రాయం.) బీయస్సీ పట్టా ట్రంకుపెట్టె అడుగున దాచి పిల్లల్ని పెంచాక, 2003 ఏప్రిల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆరో తరగతికి సైన్సు చెప్పడానికి నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. పర్మనెంటు చేయాలో ఇంటికి పంపాలో తేల్చేది బడి చైర్మన్. ఆయనకు నట్లూ బోల్టులూ తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. నవంబరు మూడో శనివారం సైన్సు ప్రదర్శనకు వచ్చి, కొత్త టీచర్ల పని చూసి నిర్ణయిస్తారని ప్రిన్సిపాల్ మేడమ్ ముందే చెప్పింది. "ఆప్ సోలార్ సిస్టమ్ కర్ లీజియే. ఈజీ హై," అని సలహా కూడా ఇచ్చింది.

ఆ ఈజీ దగ్గరే నాకు చిక్కొచ్చింది. ఏ బడిలో చూసినా థర్మోకోల్ బంతులకు రంగులు వేసి, జానెడు జానెడు దూరంలో తీగకు గుచ్చేవారు. సూర్యుడు పుచ్చకాయంత ఉంటే పక్కన భూమి నిమ్మకాయంత. పిల్లలు అదే నిజమనుకుని పెద్దవాళ్లయిపోతారు. నేను ఆటల గదిలోంచి ఫుట్‌బాల్ తెచ్చి దాన్ని సూర్యుడనుకుని, మిగతావన్నీ అదే నిష్పత్తిలో కుదించాను. భూమి ఆవగింజంత తేలింది, ఫుట్‌బాల్‌కి ఇరవై నాలుగు మీటర్ల దూరంలో. గురుడు ఉసిరికాయంత. అది నూట ఇరవై మూడు మీటర్ల దూరంలో ఉండాలి, మా మైదానం చూస్తే అరవై మీటర్లే. అంటే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు బడిలో ఉంటారు, మిగతా అయిదుగురూ రోడ్డున పడతారు. పిల్లల్ని గేటు దాటించడానికి వీల్లేదు. గురుణ్ణి వాచ్‌మన్‌కి, శనిని టీ బండి భయ్యాకి అప్పగించి, తర్వాతి రెండింటినీ దుకాణాల గోడలకు అంటించాను. ప్లూటో మిగిలింది. నల్ల అట్టముక్క మీద జిగురుతో అతికించిన బొంబాయి రవ్వ నలుసు, తొమ్మిది వందల ముప్ఫై మూడు మీటర్లు, సరిగ్గా రైలు గేటు దగ్గర.

"ఏవండీ, ప్లూటో మీరే," అన్నాను మావారితో. ఆయన ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ప్రదర్శన రోజు రాత్రి డ్యూటీ కాబట్టి పగలంతా ఖాళీ.

"అదేంటే, నన్నంత దూరం గిరాటేశావు?"

"నేనెయ్యలేదండీ. అదక్కడే ఉంది. చర్చిలో కానుకల సంచీ పట్టుకుని నిలబడే అలవాటుందిగా, ఇదీ అంతే అనుకోండి."

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా, "మమ్మీ, ఉత్నీ దూర్ దేఖ్‌నే కౌన్ జాయేగా?" అంది. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఎప్పుడూ హిందీలోనే. అంత దూరం చూడ్డానికి ఎవరెళ్తారన్నది దాని ప్రశ్న.

శనివారం చైర్మన్‌గారు వచ్చారు. పక్క బల్ల మీద కొత్త కెమిస్ట్రీ మేడమ్ అగ్నిపర్వతం పొగలు కక్కుతోంది. జనమంతా అక్కడే ఉన్నారు. నా మైదానంలో కుర్చీ మీద ఒక ఫుట్‌బాల్, అక్కడక్కడా అరచేతులు చాపుకుని నలుగురు పిల్లలు. చూసేవాళ్లకు మేం ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టుంది.

"హాథ్ మే క్యా హై బేటా?" అని చైర్మన్‌గారు మూడో పిల్లని అడిగారు.

"పృథ్వీ, సర్."

ఆయన కళ్లజోడు సవరించుకుని, దాని అరచేతి మీదికి బాగా వంగి, గట్టిగా ఊపిరి వదిలారు.

"మ్యామ్! పృథ్వీ గిర్ గయీ!" అని పిల్ల ఘొల్లుమంది.

కిందపడ్డ భూమికి బదులు నేను హ్యాండ్‌బ్యాగులోంచి పొట్లం తీసి ఇంకో ఆవగింజ దాని చేతిలో వేశాను. (ముందుజాగ్రత్తగా ఓ గుప్పెడు భూములు తెచ్చుకున్నాను.) చైర్మన్‌గారు పొట్లం కేసీ నా కేసీ చూసి, "మిగతా గ్రహాలేవి?" అన్నారు.

"గురుడు గేటు బయట సార్. శని టీ బండి దగ్గర. అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం కావాలంటే ఇంకో ఫుట్‌బాల్ పట్టుకుని ఆరువేల మూడు వందల కిలోమీటర్లు వెళ్లాలి."

"మన స్కూలు బస్సు అంత దూరం పోదు," అని ఆయన నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపేసి, "మేడమ్‌జీ, బోల్టులో వెంట్రుకవాసి తేడా వస్తే నా మాల్ వాపస్ వస్తుంది. మీ లెక్క నాకు అర్థమైంది. లేకిన్ ఫీజు కట్టిన పేరెంట్స్ ఖాళీ మైదానం చూసి పోవాలా?" అన్నారు.

"ఖాళీయే సార్ నిజం. అక్కడ ఉన్నదంతా ఖాళీయే."

"సోమవారానికి కళ్లకు కనపడేది చెయ్యండి. మీ ఉద్యోగం సంగతి అప్పుడు చూద్దాం," అని అగ్నిపర్వతం వైపు వెళ్లిపోయారు.

ఈ గొడవలో ప్లూటోను మరిచిపోయాను. మావారికి అప్పటికింకా సెల్‌ఫోన్ లేదు. మూడు గంటలకు చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, "ఒక్కడూ రాలేదు. గేట్‌మన్ మాత్రం తప్పిపోయిన మనిషి ఫొటో ఏమోనని అట్టముక్క అడిగి చూశాడు," అన్నారు. (2006లో ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారని చదివినప్పుడు ఆయన పేపరు మడిచి, "అక్కడ నిలబడ్డప్పుడే అనుకున్నా," అన్నారు.)

ఆదివారం చర్చి నుంచి రాగానే థర్మోకోల్ కోశాను. సోమవారం పొద్దున తొమ్మిది బంతులూ జానెడు జానెడు దూరంలో, శనికి తళతళలాడే వలయంతో సహా, అట్ట మీద కూర్చున్నాయి. అడుగున ఒక వాక్యం రాశాను: పరిమాణాలు, దూరాలు నిజమైన నిష్పత్తిలో లేవు.

"యే క్యా లిఖ్ దియా?" అంది ప్రిన్సిపాల్ మేడమ్. "సిగరెట్ డబ్బా మీద హెచ్చరికలా ఉంది. తీసెయ్యండి."

"అది తీస్తే ఇది అబద్ధమవుతుంది మేడమ్. నా పేరు కూడా తీసెయ్యండి."

చైర్మన్‌గారి కారు అప్పటికే గేట్లోకి వస్తోంది. మేడమ్ గేటు వైపు చూసి, నన్ను చూసి, "ఠీక్ హై. ఛోటా లిఖియే. బిల్కుల్ ఛోటా," అంది. సన్నపాళీ పెన్ను తెచ్చి, బొత్తిగా చిన్న అక్షరాల్లో అలాగే రాశాను. డిసెంబరు ఒకటిన పర్మనెంటు ఆర్డరు చేతికిచ్చారు.

అలా పద్నాలుగేళ్లు. ఏటా బంతులకు కొత్తగా రంగులు వేయడం, అడుగున ఆ వాక్యం తిరగరాయడం. ఏ పిల్లా దాన్ని చదివి ఇదేమిటని అడగలేదు. నాకు పిల్లల మీద కొంచెం కోపంగా కూడా ఉండేది. రిటైరైన ఏడాది ఆఖరిసారి రాసి సరిచూసుకోబోతే ముక్కుకు ఆనించుకున్నా ఒక్క అక్షరం కనపడలేదు. నా మాట నిలబెట్టుకున్నానని అన్నేళ్లూ గర్వపడుతూ ఉన్నాను. ఆ బిల్కుల్ ఛోటాని మరీ అంత కచ్చితంగా పాటించి ఉండాల్సింది కాదేమోనని అప్పుడనిపించి, ఆ నలభై ఆరేళ్ల కుర్రదాన్ని తలుచుకుని నవ్వుకున్నాను.