ఢిల్లీ గేటూ, మా అత్త సమాధీ

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మంచి మాటలు వేసి రాయొద్దని దానికి ముందే చెప్పాను.

పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఆ డిసెంబరులో మా ఆయన పోయాడు. సిపాయి కాడు. విశాఖ రేవులో ఒక కంట్రాక్టరు పడవ మీద కళాసీ, ఓడలకు తాళ్ళు అందించే పని. ఆ రోజుల్లో పొద్దుగూకితే ఊళ్ళో దీపం కనబడకూడదు. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకున్నాం. పడవ మీద లాంతరు కూడా వద్దన్నారు. ఆ చీకట్లో కాలు జారి నీళ్ళలో పడ్డాడు. మూడు రోజులు వెతికారు. మనిషి దొరకలేదు సరికదా, చొక్కా గుడ్డ కూడా దొరకలేదు. కంట్రాక్టరు వచ్చి, యుద్ధం కదమ్మా ఏం చేస్తాం అన్నాడు, పాకిస్తాన్ వాడెవడో వచ్చి మా ఆయన్ని తోసేసినట్టు.

మేం క్రైస్తవులం. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగ. వన్ టౌన్ వాళ్ళంతా సమాధుల తోటకు వెళ్ళి, ఎవరి సమాధికి వాళ్ళు బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాకు వెలిగించే చోటు లేదు. మొదటి ఏడు కొవ్వొత్తి చేత్తో పట్టుకుని వెళ్ళి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడి, మైనం వేళ్ళ మీద కారితే ఇంటికి వచ్చేశాను. ఆ తోటలోనే మా అత్త సమాధి ఉంది. తల్లి పేరు కింద కొడుకు పేరు రాయించుకుంటానని సంఘ పెద్దను అడిగాను. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తోట తాళం ఆయన దగ్గరే.

"లోపల మనిషి నేకుండా పైన పేరేటమ్మా?" అన్నాడు. "రేపు అందరూ వొచ్చి అడుగుతారు."

"మరి నానెక్కడ ఎలిగించాలి బాబూ?"

"యుద్ధంలో పోయినోళ్ళకి ఢిల్లీలో పేద్ద గేటు ఉన్నాది. రాళ్ళ నిండా పేర్లే. నీ మొగుడి పేరూ అందులో సెక్కుంటారు. గవర్నమెంటు రాయి కన్నా మన రాయి గొప్పదేటి?"

నన్ను వదిలించుకోవడానికి అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నమ్మాను. పదేళ్ళు నమ్మాను. పండుగ రోజున ఎవరైనా తోటకు రాలేదేం అని అడిగితే, మా ఆయన రాయి ఢిల్లీలో ఉంది అనేదాన్ని. కొంచెం పొగరుగానే అనేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరవాత ఉక్కునగరం క్వార్టర్లు కడుతుంటే ఇటుకలు మోసే పనికి కుదిరాను. ఫ్యాక్టరీ పనులు ఆగిపోతున్నాయని యూనియన్ వాళ్ళు ఢిల్లీలో ఊరేగింపు పెట్టి, మనుషుల్ని రైలెక్కించారు. అందరూ ఉక్కు కోసం ఎక్కారు, నేను గేటు కోసం ఎక్కాను. సంచిలో ఒక చీర, ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె.

రైల్లోనే ఆ గేటు మీద తగువు మొదలైంది.

"తెల్లోడు కట్టిందది. మనకెందుకు? పడగొట్టాల బావా," అన్నాడు ఒకడు.

"పడగొట్టి ఆ రాళ్ళు మన క్వార్టర్లకి మోసుకొత్తావేటి?" అన్నాడు ఇంకొకడు.

బోగీ అంతా నవ్వింది. నాకు మాత్రం, నేను చేరేలోగా నిజంగానే పడగొట్టేస్తారేమోనని భయం వేసింది.

ఊరేగింపు అయ్యాక, మా పని దగ్గరే ఉండే గోదావరి జిల్లా ఫిట్టరును ఒకతన్ని బతిమాలుకుని గేటు దగ్గరకు వెళ్ళాను. అతనికి ఇంగ్లీషు చదవడం వచ్చు. రేవులో ఓడ పక్కన నిలబడి తలెత్తి చూసినట్టే ఉంది ఆ గేటు. రాళ్ళ మీద వరసలు వరసలుగా అక్షరాలు. మా ఆయన పేరు చెప్పి వెతకమన్నాను. కనబడినంత మేరా చుట్టూ తిరిగి వచ్చాడు.

"అక్కా, ఇయ్యన్నీ సింగులూ ఖానులేనండి. మీ ఆయన తలపాగా గానీ కట్టేవాడేంటండి?"

"సరిగ్గా సూడు నాయనా. పైన ఉంటాది."

పైనున్న పెద్ద అక్షరాలు చదివాడు.

"ఇది తెల్లదొరల నాటి యుద్ధానిదండి. అప్పటికి మీ ఆయన పుట్టే ఉండడు."

"మరి మన యుద్ధంలో పోయినోళ్ళు?"

"వాళ్ళకి ఆ మంటండి."

గేటు కింద నల్లరాతి దిమ్మ. తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద ఇనప టోపీ, ఒక మూల మంట.

"పేరు తెలియని సిపాయిలకంటండి," అన్నాడు.

"పేరు తెలీకపోడమేటి? నాను సెప్తాను, రాసుకోమను."

"సిపాయిలకండి," అన్నాడు మెల్లగా.

మంట ఆరకుండా ఎలా ఉంటుందని అడిగాను. గ్యాసు బండలు పెడతారట, వంటింట్లో వాడే బండలే. నేను రోజూ రంపపు పొట్టు పొయ్యి ముందు పొగలో కళ్ళు పోగొట్టుకుంటున్నాను. ఇక్కడ రాత్రీ పగలూ మంట, దాని మీద గిన్నె లేదు. దేశానికి అది గొప్పే కావచ్చు. నాకు కడుపు మండింది. కొంచెం అవతల ఒక రాతి మంటపం, లోపల ఖాళీ. తెల్ల రాజు బొమ్మ తీసేశారట, ఆ చోట ఎవరిని పెట్టాలో ఏళ్ళ తరబడి పెద్దలకు తేలలేదట. ఎవరికీ అక్కర్లేని చోటు అంత ఉంది అక్కడ.

మంట చుట్టూ కట్టిన గొలుసు దగ్గర కూర్చుని కొవ్వొత్తి వెలిగించబోయాను. కాపలా సిపాయి హిందీలో కసిరాడు. ఫిట్టరు నన్ను వెనక్కి లాగాడు.

"ఈ గేటు కింద ఎంతమందిని పాతిపెట్టారు?" అని అడిగాను.

"ఒక్కర్నీ లేదండి. ఎక్కడెక్కడి దేశాల్లోనో పోయారు వాళ్ళు. ఇక్కడున్నవి పేర్లేనండి."

ఢిల్లీ నుంచి నేను తెచ్చుకున్నది ఆ మాట ఒక్కటే.

రైలు దిగి ఇంటికి వెళ్ళలేదు. సంచితోనే సంఘ పెద్ద ఇంటికి వెళ్ళాను. వరండాలో పేపరు చదువుతున్నాడు.

"ఢిల్లీ ఎల్లొచ్చాను బాబూ. మా ఆయన పేరు నేదు."

"సరిగ్గా సూసుండవు."

"గేటు కింద శవమూ నేదు. ఒక్కటంటే ఒక్కటి నేదు. ఒట్టి పేర్లకి దేశమంతా దండం ఎడతన్నాది. మా అత్త సమాధి మీద జానెడు పేరుకి మీకు శవం కావలసొచ్చిందేటి?"

ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సంఘం కమిటీలో ఎడతానమ్మా."

"ఎట్టుకోండి. నాను రాసేత్తన్నాను."

పని దగ్గర మేస్త్రీని అడిగి ఒక డబ్బాడు సిమెంటు తెచ్చుకున్నాను. ఫిట్టరు కాగితం మీద తెలుగులో పేరు రాసిచ్చాడు. తోట తలుపు తీసి ఉన్న రోజు చూసి, అత్త పేరు కింద సిమెంటు పూసి, ఆరకముందే కాగితం చూస్తూ మేకుతో గీశాను. వంకరగా వచ్చింది. ఆ పండుగకు, ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చిన కొవ్వొత్తి అక్కడ వెలిగించాను.

కమిటీ సరే అనలేదు, తీసెయ్యమనీ అనలేదు. మరుసటి ఏడు పండుగ ముందు సమాధులకు సున్నం వేయడానికి వాళ్ళు పెట్టిన మనిషి అత్త పేరు జాగ్రత్తగా వదిలి, మా ఆయన పేరు మీద మందంగా పూసేశాడు. ఎవరు చెబితే పూశాడో అడగలేదు. మేకు తెచ్చి మళ్ళీ గీశాను. ఏటా వాళ్ళు పూస్తారు, ఏటా నేను గీస్తాను. ఇప్పుడు కాగితం అక్కర్లేదు. నాకు రాయడం వచ్చిన మాట అదొక్కటే.

సంఘ పెద్ద కూడా పోయాడు. ఆయనది నున్నటి నల్లరాయి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పేరు. మా అత్త దగ్గరకు ఆ రాయి పక్కనుంచే వెళ్ళాలి. అందరూ అక్కడ కూడా ఒక కొవ్వొత్తి పెడతారు. నేను పెట్టను.