ముందు హారతి, తర్వాతే తాళంచెవి

నా చిన్నప్పుడు, విప్పిన ఇంజిన్‌ని మళ్లీ మా కారులోకి ఎక్కించేశారన్న కబురు మొదట నాకు తెచ్చింది పక్కింటి అక్క. "ఏయ్ పిల్లా, మీ పెదనాయన చేతులు కడుక్కుంటుండు. ఇగ షురూ చేస్తరంట. మీ నాయనమ్మ హారతి పళ్లెం తెమ్మంటుంది" అని గోడ మీదుగా కేకేసింది. సంతోషించాల్సిన మాటే. కానీ వంటింట్లో మా అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది.

అది మా నాన్న అద్దెకు నడిపే కారు. సికింద్రాబాద్ స్టేషన్ బయట అది నిలబడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. కొన్నాళ్ల క్రితమే దాని ఇంజిన్‌లో కొత్త క్యామ్ షాఫ్ట్ వేయించారు. లోపల తిరుగుతూ, తన గుబ్బలతో టాపెట్లనే ఇనుప బిళ్లలను ఎత్తి దించే కడ్డీ అది. నెల తిరక్కుండానే అరిగిపోయింది. కారు టకటకమంటూ మూలపడింది. ఇప్పుడు మళ్లీ కొత్తది వేశారు. ఈసారీ పోతే కారును తూకానికి అమ్మేసి, మా నాన్న లారీ ఎక్కి ఊళ్లు పట్టుకు తిరగాల్సిందే.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా పెదనాన్న సెలవు పెట్టి వచ్చి, ఆ ఇంజిన్ విప్పారు. పాడైన టాపెట్ ఒకటి నా అరచేతిలో పెట్టి, అడుగున తడిమి చూడమన్నారు. నున్నగా, చదునుగా ఉండాల్సిన చోట గుంట పడింది. ఎందుకు పడిందో ఆయనకు తెలిసింది. కాకపోతే ఆ సంగతి చెప్పాల్సింది మా నాయనమ్మకు.

ఇంజిన్ కొత్తదైనా, బాగుచేసిందైనా మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. దాన్ని స్టార్ట్ చేసి, మెల్లగా గుడగుడలాడనిస్తూ, దాని ముందు పూజ చేయడం. పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, హారతి, ఆపైన గల్లీలో వాళ్లందరి దండాలు. పోయినసారీ అలాగే చేశాం.

"అమ్మా, ఈసారి పూజ ముందుగాల చేసెయ్యి" అన్నారు పెదనాన్న.

"ఊపిరి లేని బండికి హారతేందిరా? మీ వర్క్‌షాపుల గిట్లనే చేస్తరా?"

"జెర ఇను. ఇంజిన్ల అడుగున తిరిగేవి జోరుగ తిరిగితేనే నూనె పైకి చిమ్మి క్యాముకు అందుతది. మెల్లగ తిరిగితే సరిగ అందదు. కొత్తల కొద్దిసేపే, కానీ ఆ కొద్దిసేపట్లనే ఇనుము ఇనుమును గీరుకుంటది. పోయినసారి అరిగింది ఆడనే."

పోయినసారి ఎంతకీ హారతి దించనిది నాయనమ్మేనని అందరికీ తెలుసు. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. ఆమె పళ్లెం వంక చూసి, "అట్లనా? అయితే గంట పట్టు. నిలబడి చూస్తవేంది?" అని పెదనాన్న చేతిలో గంట పెట్టింది.

చడీచప్పుడు లేని ఇంజిన్‌కి పూజంతా జరిగింది. గుబ్బలకూ, కొత్త టాపెట్ల అడుగునా పెదనాన్న, నూనె అందేదాకా కాపాడే నల్లటి ముద్ద ముందే పూసి ఉంచారు. స్టార్టవకుండా ఊరికే తిప్పుతూ పోతే అది తుడుచుకుపోతుందని, మొదటి తిప్పుకే అందుకునేలా అన్నీ సరిచూసి, "కానియ్ తమ్మీ" అన్నారు. మా నాన్న తాళంచెవి తిప్పారు. ఇంజిన్ అందుకుంది. వెంటనే పెదనాన్న జోరు పెంచారు.

ఆ హోరుకి కిటికీలు అదిరాయి. సైలెన్సర్‌కి అంటిన గ్రీజు కాలి పొగ లేచింది. "బంద్ చెయ్ భాయ్, పేలుతది!" అని గల్లీ అంతా అరుపులు. "అన్నా, ఇది కూడ పోతుందే" అంటూ మా నాన్న చెయ్యి తాళంచెవి మీదికి వెళ్లింది. నాయనమ్మ కారు కిటికీలోంచి ఆ చేతిని పట్టుకుంది. "నా స్తోత్రం అయ్యేదాక ముట్టకు. అంతసేపు చాలునారా పెద్దోడా?" అని అడిగింది. పెదనాన్న తలూపారు. రోజూ గబగబా చదివే ఆమె ఆ పూట ఒక్క అక్షరం మింగలేదు. ఆ హోరులో గొంతు వినబడదు, పెదవులే కనబడతాయి. వాటిని చూస్తూ నేనూ లోలోపల చదివాను.

ఇంజిన్ ఆపాక నూనెను తెల్లగుడ్డలోంచి వడకట్టారు. ఇనుము రజను ఉంటే తళతళలాడుతుందట. పెదనాన్న గుడ్డను ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు. పూసిన నల్లముద్ద మరకే తప్ప ఎక్కడా మెరుపు లేదు, అంటే ఏదీ అరగలేదు. మా నాన్న గడప మీద కూలబడి తువ్వాలులో మొహం దాచుకున్నారు.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. నాకు అక్షరాలూ స్తోత్రాలూ ఇంట్లోనే నేర్పింది ఆ నాయనమ్మే. వాటికన్నా గట్టిగా నాలో నిలిచింది మాత్రం ఆ రోజు. నేను ప్రేమతో చేసేదే ఎదుటివారిని అరగదీస్తుంటే, ప్రేమ తగ్గించుకోనక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు. మొన్న మా కోడలు పసిబిడ్డతో ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు, చూడవచ్చిన చుట్టాలను హాల్లోనే కూర్చోబెట్టి, ముందు ఆమెను కంటినిండా నిద్రపోనిచ్చాను. ఆ బుద్ధి నాకిచ్చిన దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇది చదివినవారు రేపు దీపం వెలిగించేటప్పుడు మా నాయనమ్మను ఒక్కసారి తలుచుకోండి. పొరపాటు తన పూజ దగ్గరే జరిగిందని నలుగురి ముందు విని కూడా, అలగకుండా పళ్లెం పట్టుకుని ముందుకు నడిచిన మనిషి ఆమె.